కొత్త బావి మీద నేను రాసిన రిపోర్టు

1954 డిసెంబరులో నన్ను డోన్ తాలూకాలోని ఒక ఊళ్లో మాతా శిశు కేంద్రానికి హెల్త్ విజిటర్‌గా వేశారు. ఊరి పేరు రాయడం లేదు. ఇందులో వచ్చే మనుషులు ఇంకా అక్కడే ఉన్నారు, పేర్లు కూడా మార్చాను. నా భర్త అప్పుడు కడపలో హైస్కూలు మాస్టరు. నాలుగు నెలల బాబునూ మా అత్తగారినీ వెంటబెట్టుకుని వెళ్లి ఉద్యోగంలో చేరాను.

హెల్త్ విజిటర్ అంటే చాలామంది నర్సు అనుకుంటారు. ఊళ్లో కూడా నన్ను నర్సమ్మ అనే పిలిచేవారు. ఆస్పత్రి పని మాది కాదు. ఇంటింటికీ తిరిగి గర్భిణుల పేర్లు రిజిస్టరులో ఎక్కించడం, పసిబిడ్డల బరువు చూడడం, మిడ్‌వైఫ్ చేసిన కాన్పులు తనిఖీ చేయడం, ఊళ్లో జబ్బేదైనా ఎక్కువగా కనిపిస్తే తాలూకా కేంద్రంలో ఉండే మెడికల్ ఆఫీసరుకు రాసి పంపడం మా విధులు. బావులూ మురుగుకాలవలూ శానిటరీ ఇన్‌స్పెక్టరు చూసేవారు. ఆయన హోదా, నా హోదా ఇంచుమించు ఒకటే. మందు రాసే అధికారం నాకు లేదు. రిపోర్టు రాసే అధికారం మాత్రం ఉంది.

ఆ ఊరివాళ్లు తాతల నాటి నుంచి ఒక దిగుడుబావి నీళ్లు తాగేవారు. రాతిమెట్లు దిగి, మోకాటి లోతు నీళ్లలో నిలబడి కడవ ముంచుకోవాలి. అందువల్ల ఏటా ఎండాకాలంలో కొందరికి నారికురుపు లేచేది. ఈ జబ్బు చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. నారపోగు లాంటి తెల్లని పురుగు, మూరెడుకు పైగా పొడవుది, కాలి చర్మం కింద పెరుగుతుంది. ఒకచోట బొబ్బ ఎక్కి, చితికి, అందులోంచి పురుగు తల బయటికి వస్తుంది. దాన్ని ఒక పుల్లకు చుట్టి రోజుకు రెండంగుళాల చొప్పున లాగాలి. తొందరపడి లాగితే లోపల తెగి కాలంతా వాస్తుంది. మనిషి నెలా రెండు నెలలు మంచం మీదే. ఆ కాలితో మెట్లబావిలోకి దిగితే పురుగు తన పిల్లల్ని నీళ్లలో వదులుతుంది. ఆ నీళ్లు తాగినవాళ్లకు జబ్బు వస్తుంది.

నేను చేరడానికి ఐదు నెలల ముందు, ఆషాఢంలో, బ్లాకు వాళ్ల డబ్బు సగం, ఊరివాళ్ల శ్రమదానం సగం కలిపి ఒక చేదబావి కట్టారు. చుట్టూ గోడ, పైన గిలక. ఎవరి కాలూ నీళ్లకు తగలదు. దానికి జాగా ఇచ్చింది ఉరుకుందమ్మ అనే ఆమె. యాభై ఏళ్లుంటాయి. భర్త పోయాడు, పిల్లలు లేరు. మరుదులు వద్దన్నా వినకుండా తన చేనిలో ఒక మూల రాసిచ్చింది. బావి ప్రారంభం రోజున శానిటరీ ఇన్‌స్పెక్టరు మైకు లేకుండానే ఊరంతా వినబడేట్టు చెప్పారట, ఈ నీళ్లు తాగితే ఇక నారి అనే మాటే ఉండదని. ఆ మరుసటి రోజు నుంచే ఊరంతా కొత్త బావికి మారింది.

ఏప్రిల్ వచ్చింది. మొదటి వారంలో ముగ్గురికి నారి లేచింది. నెలాఖరుకు పదిమంది. మే నెల సగానికి ఇరవై ముగ్గురు. కిందటేడు మొత్తం మీద ఏడెనిమిది మందికి మించి లేవలేదని అందరూ అన్నారు.

నాకు అప్పుడు పట్టుకున్న భయం గురించి దాచకుండా చెప్పాలి. బాబుకు నీళ్లు కాచి చల్లార్చి పట్టేదాన్ని. కానీ నేను పక్క ఊళ్లకు వెళ్లిన రోజుల్లో మా అత్తగారు కుండలో నీళ్లే పట్టేవారు. కొత్త బావి నీళ్లే కదా అని నేనూ ఊరుకున్నాను. ఇప్పుడు రోగుల ఇళ్లలో పిల్లల కాళ్లు చూసి ఇంటికి వచ్చి, బాబు కాళ్లు వేళ్ల సందుల దాకా తడిమేదాన్ని. "వాడికి కాళ్లు అరిగిపోతాయమ్మాయ్," అనేవారు అత్తగారు. ఆమె నవ్వుతూ అన్నా నాకు నవ్వు వచ్చేది కాదు.

నేను కాలేజీలో ఇంటర్మీడియట్‌కు తర్కశాస్త్రం తీసుకున్నాను. అందులో మంచి మార్కులు వచ్చాయి. అన్వయం, వ్యతిరేకం అని రెండు పద్ధతులు చదివాం. ఫలితం కనిపించిన ప్రతిచోటా ఏది ఉందో చూడడం అన్వయం. అది లేనిచోట ఫలితం కూడా లేకుండా పోతుందా అని చూడడం వ్యతిరేకం. రెండూ చూస్తేగాని కారణం తేలదు. నేను జబ్బు లిస్టు ఫారం తీసుకుని ఇరవై ముగ్గురి ఇళ్లకూ వెళ్లాను. పేరు, వయసు, ఏ కాలు, ఎన్ని రోజులు, తాగునీరు ఎక్కడిది. ఆఖరి గడిలో ఇరవై మూడుసార్లు "కొత్త బావి" అని రాశాను. అన్వయం దొరికింది, అంతటితో ఆగాను. రోగులందరూ కొత్త బావి నీళ్లే తాగుతున్నారనీ, దానిపై అనుమానం ఉందనీ, పరీక్ష జరిగేదాకా బావిని మూసి ఉంచడం మంచిదనీ రిపోర్టు రాసి తపాలాలో వేశాను. ఆ సాయంత్రం నాకు కొంచెం తేలికగా అనిపించింది. ఏదో ఒకటి చేశానన్న తేలిక.

రిపోర్టు మెడికల్ ఆఫీసరు బల్ల మీదికి చేరేలోపే దాని సంగతి ఊరికి తెలిసింది. నకలు శానిటరీ ఇన్‌స్పెక్టరుకు వెళ్లడం పద్ధతి. ఆయన మాటల్లో మాటగా ఊరి మునసబుతో అన్నారు. మునసబు అంటే గ్రామాధికారి. శిస్తు వసూలు, చిన్న తగాదాలు ఆయన చేతిలో ఉంటాయి. నేను "మూసి ఉంచడం" అని రాసింది ఆయన చావిడిలో చెప్పేసరికి "పూడ్చేయడం" అయింది. వచ్చే శుక్రవారం బావి పూడ్చాలనీ, జాగాలో దోషం ఉంది కాబట్టి ఉరుకుందమ్మ గ్రామదేవత సుంకులమ్మకు పొట్టేలు ఇచ్చుకోవాలనీ, ఊరు మళ్లీ దిగుడుబావికి పోవాలనీ తీర్మానించారు.

సోమవారం పొద్దున ఉరుకుందమ్మ కేంద్రానికి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు. గడప బయటే నిలబడింది.

"జాగా ఇచ్చినందుకు ఇంత మాట పడాల్నా అమ్మా? ముంగారు విత్తనానికి పిలిస్తే ఒక్క మనిషి రాలే. నా చేన్లో అడుగు పెడితే నారి లేస్తాదంట. మా మరుదులు నవ్వుతాండారు. ఊరికి మంచి చేయబోతివి గదా, ఇప్పుడు తినుపో అని."

నేను ఏదో సర్దిచెప్పబోయాను. ఆమె వినలేదు.

"నీ కాగితం వచ్చినాకనే ఇదంతా మొదులైంది. నీ పిల్లోడు గూడా ఈ నీళ్లే గదా తాగేది. చూసి రాసినావా, బయపడి రాసినావా?"

నేను జవాబు చెప్పేలోపే వెళ్లిపోయింది.

మంగళవారం తపాలాలో నా రిపోర్టు తిరిగి వచ్చింది. మెడికల్ ఆఫీసరు తక్కువ మాట్లాడే మనిషి, రాత ఇంకా తక్కువ. మార్జిన్‌లో ఎర్ర పెన్సిలుతో రెండే ప్రశ్నలు వేశారు. "కురుపు లేనివారు ఏ నీళ్లు తాగుతున్నారు? పోయిన ఏడు ఈ రోజుల్లో వీరు ఏ నీళ్లు తాగారు?"

మొదటి ప్రశ్నకు జవాబు ఇల్లు కదలకుండానే తెలుసు. ఊళ్లో కురుపు లేని ఐదారు వందల మందీ కొత్త బావి నీళ్లే తాగుతున్నారు. అంటే నా ఇరవై మూడు గడులకూ ఏ విలువా లేదు. రెండో ప్రశ్న దగ్గర నా తప్పంతా బయటపడింది. నారిపురుగు పిల్ల కడుపులోకి వెళ్లాక, పెరిగి కాలి దగ్గర తల బయట పెట్టడానికి తొమ్మిది నెలల నుంచి ఏడాది పడుతుంది. ఇది నాకు కొత్త సంగతి కాదు. మద్రాసులో శిక్షణప్పుడు పరీక్షలో రాసిందే. ఈ మేలో లేచిన కురుపు పోయిన ఎండాకాలం తాగిన నీళ్లది. అప్పటికి కొత్త బావి లేనే లేదు. పోయిన ఏడు వానలు ఆలస్యమై దిగుడుబావి అడుగంటింది. మిగిలిన కొద్ది నీళ్లలోనే అందరూ దిగారు. ఈ ఏడు కురుపులు ఎక్కువ కావడానికి కారణం అదే అయి ఉండాలి. తెలిసిన సంగతి అవసరమైన రోజున నాకు గుర్తు రాలేదు.

అదే రోజు సాయంత్రం చావిడికి వెళ్లి నా పొరపాటు ఒప్పుకున్నాను. బావిది తప్పు కాదనీ, ఏడాది లెక్క ఇదనీ వివరించాను. అందరూ మర్యాదగానే విన్నారు. తర్వాత మునసబు మొదలుపెట్టాడు.

"నర్సమ్మా, నేను పెద్ద సదువులు సదవలే గానీ లెక్క తెలుసు. పోయిన ఏడు దిగుడుబావి తాగితిమి, ఎనిమిది మందికి లేసె. ఈ ఏడు కొత్త బావి తాగితిమి, ఇరవై మూడు మందికి లేసె. ఇంగ దీంట్లో తెలియంది ఏముండాది? నిన్నటిదాకా నువ్వూ అదే అంటివి గదమ్మా."

"పురుగు పెరగడానికి ఏడాది పడుతుందండీ," అన్నాను.

"రాత్రి తిన్న సంగటి పొద్దునకు అరిగిపాయె. ఏడాది పొద్దు ఆ పురుగు లోపల ఏం చేస్తాంటాది? సంసారం చేస్తాంటాదా?"

చావిడి అంతా నవ్వింది. నేను ఇంటికి వచ్చేశాను. దారిలో ఆలోచిస్తే ఆయన మాటలో నాకు తప్పు దొరకలేదు. నేను రాసిన రిపోర్టులో ఉన్న తర్కమే అది. పుస్తకంలో ఏడాది అని ఉంది కాబట్టి నమ్మమంటే, పుస్తకం చదవనివాళ్లు ఎందుకు నమ్మాలి? ఏడాది గడిచిందని వాళ్ల కళ్లకు కనిపించేది ఏదైనా కావాలి. శుక్రవారానికి రెండు రోజులే ఉంది.

బుధవారం గాజులమ్మే హుస్సేన్‌బీ వచ్చింది. తట్ట నెత్తిన పెట్టుకుని డోన్ నుంచి నంద్యాల దాకా ఊళ్లు తిరిగే మనిషి. వేసుకునే ఓపిక లేదన్నా నా చెయ్యి పట్టుకుని గాజులు ఎక్కిస్తూ కబుర్లు మొదలుపెట్టింది.

"నవ్వల్లో ఏడ్సల్లో తెల్దమ్మా. మీ మునసబు కూతురు లక్ష్మిదేవి లేదూ, నంద్యాల పక్క కాలవ కింద ఊరికిచ్చిండారే. ఆ పిల్ల కాలికి నారి లేసిండాది. ఆ ఊర్లో నారంటే ఏందో ఎవురికీ తెల్దు. జాతర మాదిరి చూసేకి వస్తాండారు. అత్త అంటాది గదా, ఏం మే, ఒడిబియ్యంతో పాటు మీ ఊరి పురుగును గూడా కట్టుకోనొచ్చినావా అని."

నా చెయ్యి వెనక్కి లాక్కున్నాను. రెండు గాజులు పగిలాయి.

"పెళ్లి ఎప్పుడైంది?"

"పోయిన ఏడు వైశాఖంలో. పెండ్లిలో ముందు బంతికాడ ఎవురు కూచోవల్లని తగువాయె గదా. అప్పట్నుంచి ఈయప్ప వియ్యంకుల గడప తొక్కలే. ఆ పిల్లను దీపావళికి గూడా పిల్సలే."

వైశాఖంలో ఊరు వదిలింది. కొత్త బావి ఆషాఢంలో వచ్చింది. ఆ అమ్మాయి ఆ నీళ్లు చూడను కూడా లేదు. కాలువ నీళ్లు తాగే ఊళ్లో ఎవరికీ లేని పురుగు ఆమె ఒక్కదాని కాల్లో ఉంది.

వెంటనే పక్క కాగితం తీసుకుని రెండో లిస్టు మొదలుపెట్టాను. ఇంటింటికీ వెళ్లి ఆడవాళ్లను రెండే అడిగాను. పోయిన ఎండాకాలం మీ ఇంటి నుంచి అత్తవారింటికి పోయిన ఆడపిల్లలు ఎవరు, ఆషాఢం తర్వాత మీ ఇంటికి వచ్చిన కోడళ్లు ఎవరు. ఏ రిజిస్టరులోనూ ఈ వివరాలు ఉండవు. ఊళ్లో ఏ ఆడమనిషికైనా నాలుక మీదే ఉంటాయి. పోయిన ఆడపిల్లలు ఆరుగురు. ముగ్గురికి ఈ ఎండాకాలం అత్తవారింట్లో నారి లేచింది. వచ్చిన కోడళ్లు ఐదుగురు. కొత్త బావి నీళ్లే తాగుతున్నారు. నలుగురికి ఏమీ లేదు. ఐదో కోడలికి మోకాలి కింద కురుపు ఉందన్నారు. ఆమె దగ్గర కూర్చుని పుట్టింటి సంగతి అడిగాను. పత్తికొండ వైపు ఊరు. అక్కడా దిగుడుబావే. ఆమె చెల్లెలికీ ఈ నెలలోనే లేచిందట. ఆమె పురుగు కూడా పుట్టింటి నీళ్లదే.

మునసబు భార్య నాగమ్మ దగ్గరికి చివరన వెళ్లాను. కూతురి పేరు ఎత్తగానే ఆమె తలుపు దగ్గరికి వేసింది.

"నీకు దండం పెడతా నర్సమ్మా, ఈ మాట బయట పడనీయొద్దు. నాకు గూడా హుస్సేన్‌బీ చెప్తేనే తెలిసె. ఆయప్పకు తెలిస్తే ఇంగా కత్తి నూరుతాడు ఆ వియ్యంకుల మీద. పిల్ల కాపురం పోతాది."

చెప్పనని మాట ఇచ్చాను. రోగి వివరాలు బయట పెట్టకూడదన్నది మా ఉద్యోగ నియమం కూడా. అయితే ఈ లిస్టులో పెళ్లికీ రోగానికీ సంబంధం ఏమిటో మాత్రం ఆమెకు వివరించాను. మీ అమ్మాయి పురుగును తీసుకుపోవడంలో ఆమె తప్పు లేదు, పోయిన ఏడు దిగుడుబావి నీళ్లు తాగింది, అంతే. నాగమ్మ లేచి తలుపు తీసింది.

గురువారం సాయంత్రం మళ్లీ చావిడికి వెళ్లాను. ఉరుకుందమ్మను కూడా పిలిపించారు, పొట్టేలు సంగతి తేల్చడానికి. నేను కోడళ్ల లెక్క, ఆడపిల్లల లెక్క చెప్పాను. లక్ష్మిదేవిని వదిలి మిగిలిన ఇద్దరి పేర్లే చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. మునసబు వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకున్నాడు. ఆయన బుర్ర తక్కువది కాదు.

"ఆ ఇద్దరు పిల్లోళ్లు దసరాకు ఈడికి రాలేదా? దీపావళికి రాలేదా? పది దినాలు ఉండి, ఈ కొత్త నీళ్లే తాగి పాయిరి గదా. అప్పుడు పట్టింటాది."

అది సరైన ప్రశ్న. పండక్కి వచ్చి వెళ్లినవాళ్లు సాక్ష్యానికి పనికిరారు. పండక్కి రాని మనిషి ఒక్కతే. ఆ పేరు నా నోట రాకూడదు. "నిజమే," అని మాత్రం అన్నాను. పలుగులూ పారలూ చావిడి మూల అప్పటికే సిద్ధంగా పెట్టి ఉన్నాయి. ఉరుకుందమ్మ నా వైపు చూడడం మానేసింది.

అప్పుడు గుమ్మం దగ్గర నాగమ్మ గొంతు వినిపించింది. ఆ ఊళ్లో పిలవందే ఆడవాళ్లు చావిడి మెట్లు ఎక్కరు. నలుగురిలో భర్తతో ఎదురుగా మాట్లాడరు. ఆమె కొంగు తల మీదికి లాక్కుని, మొహం ఉరుకుందమ్మ వైపు తిప్పి మాట్లాడింది.

"ఉరుకుందక్కా, ఆయప్పను అడుగు. మా లక్ష్మిదేవి వైశాఖంలో పాయె. మళ్లీ ఈ ఊరు తొక్కలే. కొత్త బావి నీళ్లు దాని గొంతులో ఎప్పుడు పోసిరో అడుగు. అయినా దాని కాలికి నారి లేసిండాది. నెలాయె. పండక్కి పిలవని నాయనకు ఎట్ల తెలుస్తాదిలే."

ఉరుకుందమ్మ మునసబు వైపు తిరిగింది. అడగలేదు. అడగాల్సిన అవసరం లేకపోయింది. మునసబు భుజం మీది తువ్వాలు తీసి మళ్లీ వేసుకున్నాడు.

"ఏ కాలికి?" అన్నాడు చివరికి. అదీ ఉరుకుందమ్మ వైపు చూసే.

"కుడి కాలికి," అంది నాగమ్మ.

ఆయన లేచాడు. "ఆ పారలు ఎవురి ఇంటివి వాళ్లు ఎత్తుకపోండప్పా. ఒక ఏడు చూద్దాం. రేయ్, డోన్‌కు బండి కట్టండి. పొద్దున నంద్యాల రైలుకు పోవల్ల."

బావికి దక్కింది ఒక ఏడాది గడువు మాత్రమే. ఆ ఏడాదంతా నాకు నిలకడ లేదు. లెక్క ప్రకారం బాబుకు ఏ ప్రమాదమూ లేదని తెలుసు. అయినా స్నానం చేయించేటప్పుడల్లా కాళ్లు చూడడం ఆపలేకపోయాను. 1956 ఎండాకాలంలో ఊళ్లో నలుగురికి నారి లేచింది. నలుగురూ పోయిన ఎండాకాలం గొర్రెల వెంట తిరుగుతూ దిగుడుబావి నీళ్లే తాగినవాళ్లు. జూన్ వెళ్లాక మునసబు దిగుడుబావి మెట్లకు అడ్డంగా ముళ్లకంప కొట్టించాడు. ఉరుకుందమ్మ చేనుకు మనుషులు మళ్లీ కూలికి పోసాగారు. ఆమెను ఎవరూ క్షమాపణ అడగలేదు. నేను అడిగాను. "నీళ్లు చేదుకుంటాండారు గదా, సాలు," అంది.

రిపోర్టును వెనక్కి తీసుకోవడానికి మా శాఖలో నిబంధన లేదు. అదనపు రిపోర్టు పంపవచ్చు. పంపాను. మొదటిది కూడా ఫైలులోనే ఉండిపోయింది.

రెండో బిడ్డ పుట్టాక, 1958లో, ఉద్యోగం వదిలేశాను. ఆ మధ్యకాలంలో నేను రాసిన ప్రతి జబ్బు లిస్టుకూ ఇంకో కాగితం గుచ్చాను. ఎంతమంది రోగులున్నారో, అదే వీధిలో జబ్బు లేనివాళ్లు అంతమంది పేర్లు, వాళ్లు తిన్నది, తాగినది. ఫారంలో దానికి గడి లేదు. ఎవరూ అడగలేదు కూడా. ఈ ఉదంతంలో నేను నేర్చుకున్నది ఇదీ. ఊరివాళ్లు, నేను ఒకేలా ఆలోచించాం. ఇద్దరమూ కళ్లెదుట మంచం మీద ఉన్నవాళ్లనే లెక్కపెట్టాం. సాక్ష్యం ఊరు వదిలి వెళ్లినవాళ్ల దగ్గర ఉంది. భయపడిన మనిషి మొదట దొరికిన కారణాన్ని పట్టుకోవడానికి ముఖ్య హేతువు, దాంతో చేయడానికి వెంటనే ఒక పని దొరకడమే. భయం లేకుండా ఉండడం నాకు ఉద్యోగంలో ఉన్నంతకాలం చేతకాలేదు. కలరాది తప్ప మిగిలిన ఏ జబ్బు రిపోర్టునైనా రాసిన రోజున పంపకుండా, మరునాడు ఇంకోసారి చదివి పంపడం మాత్రం అలవాటు చేసుకున్నాను.